నల్లతెర ముందు సాక్షి

మెకానిక్‌ని సాయంత్రం కోర్టుకి తీసుకెళతారు. ఆలోపు ఏదో ఒకటి తేలాలి. తేలకపోతే దొంగ అన్న ముద్రతో జైలుకి పోతాడు. జైలుకి పోయి వచ్చిన మెకానిక్‌ని తన కంప్యూటర్ మీద చెయ్యి వెయ్యనిచ్చే మనిషి ఈ వీధిలో ఉండడు.

ఈ సంగతి మెకానిక్ అక్క నాలుగోసారి చెప్పింది. డిటెక్టివ్ నాలుగోసారి కూడా మొదటిసారి విన్నట్టే విన్నది. కంప్యూటర్ షాపు ముందు గదిలో, విప్పి పెట్టిన కేబినెట్ల మధ్య, ఇద్దరూ రెండు స్టూళ్ల మీద కూర్చున్నారు.

డిటెక్టివ్‌కి యాభై దాటాయి. పెళ్లి చేసుకోలేదు. కొడుకూ కోడలూ లేరు. అయినా పోలీస్ స్టేషన్‌లో ఆమెను అందరూ అత్తగారు అంటారు. వంట అయిపోయిందని కోడలు చేతులు కడుక్కున్నాక అత్తగారు వచ్చి మూతలు తీసి చూసినట్టు, ఈమె ముగిసిన కేసులకి మూతలు తీస్తుందని ఇన్‌స్పెక్టర్ పెట్టిన పేరు అది. ఆమె కాదనలేదు. మూతల కింద ఏదో ఒకటి దొరుకుతూనే ఉంది మరి.

“నువ్వు నిన్న మధ్యాహ్నం ఇంట్లో లేవా?”

“లేనండీ. పనిలో ఉన్నా. వాడు భోజనానికి ఇంటికొచ్చాడు. తిని, గిన్నె కడిగి బోర్లించి వెళ్లాడు. చూసినవాళ్లు ఎవరూ లేరంటున్నారు. నేను సెలవు పెట్టుంటే...”

“సెలవు పెట్టనందుకు నిన్నెవరూ కోర్టుకి తీసుకెళ్లరు. నీళ్లు తాగు.”

నీళ్ల సీసా అందించింది డిటెక్టివ్ కాదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషి. కార్డులు, మెమరీలు, వైర్లు సరఫరా చేసే కంపెనీ తరఫున తిరిగే సేల్స్‌మన్. మాట తీరు వల్ల చవక షాపుల వాళ్లందరూ అతన్ని పంచదార అంటారు. పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాడు.

“తాగు చెల్లెమ్మా. తమ్ముడికేం కాదు. నేనున్నాగా” అన్నాడు.

డిటెక్టివ్ లేచి షాపు యజమానురాలి దగ్గరకి వెళ్లింది. భర్త పోయాక షాపుని ఒంటిచేత్తో నడుపుతున్న మనిషి. బల్ల మీద ఒక మదర్‌బోర్డుని బోర్లించి, బ్రష్‌తో దుమ్ము దులుపుతోంది. ఊరికే కూర్చుంటే ఏడుపొస్తుందని చేస్తున్న పని.

“అమ్మా, పోయిందేంటో నాకు అర్థమయ్యేలా చెప్పండి. గ్రాఫిక్స్ కార్డు అన్న మాట వినడమే గాని, నేను ఎరగను.”

“ప్రాసెసర్ కంప్యూటర్‌కి బుర్ర. కొన్ని బుర్రలకి తెర మీద బొమ్మ చూపించే విద్య కూడా ఉంటుంది. కొన్నిటికి ఉండదు. లేనివి కాస్త చవక. ఇళ్ల ప్లాన్లు గీసేవాళ్లకి ఎలాగూ కార్డు వెయ్యాల్సిందే కదా అని, మేం ఆ విద్య లేని ప్రాసెసర్ కొని, పక్కన చిన్న కార్డు బిగిస్తాం. బొమ్మ మొత్తం కార్డు పని. మా షాపులో ఆ ప్రాసెసర్‌ని కళ్లు లేనిది అంటాం. కార్డే దానికి కన్ను.”

“ఆ కళ్లు ఒక పెట్టెడు పోయాయి.”

“పెట్టెడు. ప్లాన్లు గీయడం నేర్పే శిక్షణ కేంద్రానికి కంప్యూటర్లు ఇస్తానని మాటిచ్చాను. వాటికోసం వచ్చినవి. ఇప్పుడవి కావాలంటే దొరకవు.”

“ఎందుకని?”

“పెద్ద కంపెనీలన్నీ పెద్ద కార్డుల వెంట పడ్డాయి. మెమరీ చిప్పులన్నీ అటే పోతున్నాయి. చిన్న కార్డు చేస్తే వాళ్లకి మిగిలేదేంటి? మా మరిదేమో, ‘వదినా, చిన్న కార్డుల పని అయిపోయింది, ఇక అన్నీ ప్రాసెసర్‌లోనే వస్తాయి’ అంటాడు. ఎవరో అంటే విని వచ్చి నాకు చెబుతాడు. చిన్న కార్డు చచ్చిందన్న కబురు నేను ఈ షాపులో అడుగుపెట్టినప్పటి నుంచీ వింటున్నా. ప్రతిసారీ శవం లేచొచ్చి కౌంటర్ ముందు నిలబడుతుంది.”

“ఈసారి?”

యజమానురాలు బ్రష్ ఆపింది. “ఈసారి నాకూ భయమే. కానీ కుట్టుపని చేసుకునే ఆమె కూతురు వచ్చి, ఆంటీ, ఇంటి ప్లాన్లు గీయడం నేర్చుకుంటా, ఒక కంప్యూటర్ ఇవ్వండి అంటే, ఇల్లంత ఖరీదు చేసే కార్డు చూపించనా? అలాంటి పిల్లలు వస్తున్నన్నాళ్లూ చిన్న కార్డు ఉండాలి. చేసేవాడికి అక్కర్లేకపోతే దానికి నేనేం చెయ్యను?”

“పెట్టె పోకముందు ఎవరైనా తెరిచారా?”

“మెకానిక్ తెరిచాడు. ఒకటి తీసి బిగించి చూశాడు. పెనంలా కాలుతోందన్నాడు. తర్వాత నా దగ్గరకొచ్చి, ‘అమ్మగారూ, ఇది చిన్న కార్డు కాదు, ముసలి కార్డు’ అన్నాడు. నేను ఫోన్‌లో ఉన్నా. తర్వాత చెబుదువు గానిలే అన్నా. ఆ తర్వాత ఎక్కడొచ్చింది? పోలీసులొచ్చారు.”

ఆ మాటలకి గుమ్మం దగ్గరి పంచదార తల తిప్పి చూశాడు. అంతలోనే మెకానిక్ అక్క వైపు తిరిగి, సీసా మూత తనే బిగించాడు.

*

యజమానురాలి మరిది వెనక గది తలుపు ముందు నిలబడి ఉన్నాడు. గది తలుపుకి పోలీసు సీలు ఉంది. అన్న పోయాక, వదిన ఒక్కతే అవుతుందని బస్సు డ్రైవరు ఉద్యోగం మానుకుని వచ్చాడు. జేబు మీద మేనేజర్ అన్న బిళ్ల ఉంది.

“నిన్న మధ్యాహ్నం మీరెక్కడున్నారు మేనేజర్ గారూ?”

“ఈ గదిలో. కెమెరా తెర ముందు.”

“ఎంతసేపు?”

“భోజనం చేసొచ్చి కూర్చున్నా. పెట్టె లేదని వదిన కేకేసిందాకా లేవలేదు.”

“కునుకు?”

“డ్యూటీలో కునుకేంటండీ!”

“నేనైతే తీసేదాన్ని. కడుపు నిండా తిని ఫ్యాను కింద కూర్చుంటే దేవుడు కూడా తీస్తాడు.”

అతను నవ్వలేదు. చేతులు ముందుకి వచ్చి, లేని స్టీరింగ్‌ని పట్టుకున్నట్టు ఒకదానికొకటి ఎదురుగా ఆగాయి. అతనే చూసుకుని జేబుల్లో పెట్టుకున్నాడు.

“తెర మీద ఏం చూశారు?”

“మెకానిక్ స్టోరు గదిలోంచి పెట్టె తెచ్చాడు. దాని మీద టార్పాలిన్ కప్పి, వెనక గుమ్మంలోంచి సందులోకి పోయాడు.”

“ఏ రంగు టార్పాలిన్?”

“నీలం.”

“కేకెయ్యలేదేం?”

“పని మీద తీసుకెళ్తున్నాడనుకున్నా.”

“ఆ కెమెరాల్లో ఏదీ రికార్డు కాలేదట?”

“డిస్క్ లేదండీ. మొన్నెవరో కస్టమర్‌కి అర్జెంటంటే ఊడబీకి ఇచ్చేశారు. చూడ్డమే తప్ప దాచుకోడం లేదు.”

“మీరు లేచాక, పోలీసులు వచ్చేలోపు, ఆ కంప్యూటర్‌ని ఎవరైనా ముట్టుకున్నారా?”

“ఎవరూ ముట్టుకోలేదు. నేను గుమ్మంలోనే ఉన్నా. ఇన్‌స్పెక్టర్ గారొచ్చి, దాన్ని ఆపకుండానే కరెంటు కట్టేసి, తలుపేసి సీలేశారు.”

“వైరు కూడా కదపలేదు?”

“లేదు. ఒట్టు.”

డిటెక్టివ్ తలూపింది. ఒట్టు ఎవరూ అడగలేదు. అడగకుండా వేసిన ఒట్టుని ఆమె ఎప్పుడూ జాగ్రత్తగా దాచుకుంటుంది.

“అత్తగారూ! ఏ కూరలో ఉప్పు తగ్గింది?”

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చేతిలో తాళంచెవి. బయట జీపు ఇంజిను ఆపలేదు.

“ఇంకా మూత తియ్యలేదు నాయనా. సీలు నీదేగా, నువ్వే తియ్యి.”

“తీస్తా. చూసుకోండి. మీరు చూడ్డం అయ్యాక నేను కోర్టుకి పోవాలి. కంటితో చూసిన సాక్షి ఉన్నాడు, సందులో చూసిన ఇంకో సాక్షి ఉన్నాడు. ఇంతకన్నా ఏం కావాలి మీకు?”

“పెట్టె దొరికిందా?”

“దొరుకుతుంది.”

“దొంగ దొరికి సొమ్ము దొరక్కపోతే, దొరికింది దొంగేనా అని నాకు అనుమానం.”

“మీ అనుమానాలకి నేను డ్యూటీ చెయ్యలేను.” సీలు తెంపాడు.

*

గదిలో ఒక బల్ల, కుర్చీ, కంప్యూటర్, తెర. స్టోరు గది ఎడమ గోడకి అవతల. సందులోకి పోయే గుమ్మం దాని పక్కన, ఇక్కడి నుంచి కనబడదు. పైన ఫ్యాను.

డిటెక్టివ్ ముందు నేల చూసింది. కిటికీ దగ్గర, దుమ్ములో, బల్ల కాళ్లు ఉండాల్సిన చోట నాలుగు మచ్చలు ఉన్నాయి. బల్ల అక్కడ లేదు. ఫ్యాను కిందకి వచ్చి ఉంది. మచ్చల దగ్గర నుంచి బల్ల కాళ్ల దాకా గీతలు ఉన్నాయి. గీతల్లో దుమ్ము లేదు.

“బల్ల ఎవరు జరిపారు?”

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకున్నాడు. “బల్ల జరిపితే నేరమా? ఉక్కపోసింది, జరుపుకున్నాడు.”

“నేరమనలేదు.”

ఆమె మోకాలి మీద చెయ్యి పెట్టుకుని వంగి, ఫోన్ లైటు వేసి కంప్యూటర్ వెనక్కి చూసింది. తెర నుంచి వచ్చిన వైరు బిగుసుకుపోయి ఉంది. వెనక రేకు మీద ఆ వైరు పట్టే చోట్లు రెండు కనిపించాయి. ఒకటి పైన, కీబోర్డు, మౌసు వైర్ల పక్కన. రెండోది కింద, అడ్డంగా బిగించిన కార్డు అంచు మీద. వైరు పైదానిలో ఉంది.

“అమ్మా, ఒక్కసారి ఇలా రండి. ఇది కూడా మీ చవక రకం కంప్యూటరేనా?”

యజమానురాలు గుమ్మంలోకి వచ్చింది. “అదే రకం. మెకానికే బిగించాడు, కెమెరాల కోసం.”

“అంటే దీని ప్రాసెసర్ కూడా కళ్లు లేనిదే.”

“కళ్లు లేనిదే.”

“తెర వైరు ఎక్కడ పెట్టాలి?”

“కింద, కార్డుకి. పైది పేరుకే ఉంటుంది. ప్రాసెసర్‌కి బొమ్మ రాదు కదా, దాంట్లో పెడితే...” ఆమె వంగి చూసింది. లేచేసరికి ముఖం పాలిపోయింది. మరిది వైపు తిరిగింది. “ఇది పైన ఉందేంటి?”

మరిది నేల చూశాడు.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌కి గోడ మీది స్విచ్ చూపించింది. “కరెంటు నువ్వు కట్టేశావు, నువ్వే పెట్టు. నేను దేన్నీ ముట్టుకోలేదు. నీ కళ్ల ముందే ఉన్నా.”

ఇన్‌స్పెక్టర్ స్విచ్ వేశాడు. కంప్యూటర్‌లో ఫ్యాను తిరిగింది. ముందు దీపం వెలిగింది. తెర మీద సిగ్నల్ లేదన్న మాట వచ్చి పోయింది. తర్వాత నలుపు. అందరూ ఆ నలుపునే చూస్తూ నిలబడ్డారు. అది మారలేదు.

“ఇప్పుడు వైరు కిందకి మార్చు.”

మార్చాడు. తెర మీద నాలుగు గడులు వచ్చాయి. ముందు గదిలో స్టూలు మీద మెకానిక్ అక్క, పక్కన పంచదార. స్టోరు గది. వెనక గుమ్మం. నాలుగో గడిలో ఇన్‌స్పెక్టర్ వంగిన వీపు.

అతను నిటారుగా నిలబడ్డాడు. తెరలోని అతనూ నిలబడ్డాడు.

“వైరు తర్వాత ఎవరో మార్చి ఉండొచ్చు.”

“తర్వాతంటే ఎప్పుడు? తను గుమ్మంలోనే ఉన్నాడట, ఎవరూ ముట్టుకోలేదట. అడగని ఒట్టు కూడా వేశాడు. ఆ తర్వాత నీ సీలు. మార్చింది నువ్వా?”

“వెటకారాలొద్దు.”

“వెటకారం కాదు. నీ సీలే సాక్ష్యం చెబుతోంది. నువ్వు పెట్టింది పెట్టినట్టుంది. అంటే నిన్న మధ్యాహ్నం ఈ తెర మీద ఈగ కూడా కనబడలేదు.”

ఇన్‌స్పెక్టర్ ఆమెను గది మూలకి తీసుకెళ్లాడు. గొంతు తగ్గించాడు.

“సరే. ఆయన ఏమీ చూడలేదనే అనుకుందాం. ఎదురు గోడౌన్ వాచ్‌మన్ ఒకడున్నాడు. నీలం టార్పాలిన్ కప్పిన పెట్టె భుజాన పెట్టుకుని ఒకడు సందు దాటాడన్నాడు. ముఖం కనపడలేదన్నాడు. ఈయన స్టేట్‌మెంట్ రాసుకున్నాకే నేను వాచ్‌మన్ దగ్గరకి వెళ్లా. ఇద్దరూ కలుసుకోలేదు. నీలం, టార్పాలిన్, వెనక గుమ్మం, అన్నీ సరిపోయాయి. చూడనివాడికి అవన్నీ ఎలా తెలిశాయి?”

డిటెక్టివ్ తెర మీది నాలుగు గడులూ మరోసారి చూసింది.

“తెలియదు.”

“అదీ!”

“నాకు తెలియదు. నీకూ తెలియదు. ఇద్దరికీ తెలియని దానికి ఆ కుర్రాడు జైలుకెళ్లాలా? కోర్టులో వకీలు ఈ వైరు పైకీ కిందకీ ఒకసారి మార్చి చూపిస్తే, నీ సాక్షి ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు? నువ్వెక్కడ పెట్టుకుంటావు? నువ్వు మొండివాడివే గాని, తెలిసి తెలిసి తప్పు చేసేవాడివి కాదు. ఈ స్టేషన్‌లో ఆ మాట అనేది నేనొక్కదాన్నే.”

ఇన్‌స్పెక్టర్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. తెర వైపు చూశాడు. ఫోన్ తీశాడు.

“ఆ మెకానిక్‌ని కోర్టుకి తీసుకెళ్లొద్దు. పూచీకత్తు రాయించుకుని పంపించెయ్యండి. ఊరు దాటొద్దని చెప్పండి... నా మాటే. ఆఁ.”

ముందు గదిలో ఆ మాట విన్న మెకానిక్ అక్క స్టూలు మీద నుంచి లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచింది. వచ్చి డిటెక్టివ్ రెండు చేతులూ పట్టుకుంది.

“పూచీకి నేనున్నా చెల్లెమ్మా. కారు బయటే ఉంది, పద” అన్నాడు పంచదార.

“తమ్ముణ్ణి ఇంటికి తీసుకెళ్లి పడుకోనివ్వు. ప్రశ్నలు రేపు అడుగుతా” అంది డిటెక్టివ్. అక్క చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా పరుగెత్తింది.

*

ఇన్‌స్పెక్టర్ పోలేదు. జీపు ఇంజిను ఆపించి, గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

డిటెక్టివ్ కుర్చీని మరిది వైపు తోసి, తను బల్ల అంచున కూర్చుంది.

“బస్సు ఎన్నేళ్లు నడిపారు?”

“ఇరవై దాకా.”

“ఏ చప్పుడొస్తే ఎక్కడ లోపమో తెలిసేదా?”

అతని ముఖంలోకి మొదటిసారి ప్రాణం వచ్చింది. “చప్పుడు దాకా ఎందుకండీ? గేరు రాడ్డు మీద చెయ్యేస్తే అదే చెప్పేది. గ్యారేజీ వాళ్లు నన్నడిగి విప్పేవాళ్లు.”

“ఇక్కడ?”

ప్రాణం వచ్చినంత తొందరగానూ పోయింది.

“ఇక్కడ నాకేం తెలియదండీ. బిళ్ల మీద ఏం రాసుందో అదొక్కటే తెలుసు.”

అతనే చెప్పుకుపోయాడు.

“ఉక్కపోస్తోందని బల్ల జరిపా. వైర్లు ఊడొచ్చాయి. దేనికది దూరే చోట తోశా. దూరింది కదా, సరిపోయిందనుకున్నా. తెర వెలగలేదు. పాడుచేశాననుకున్నా. వాణ్ణి పిలవాలి. పిలిస్తే నవ్వుతాడని కాదు. వాడు నవ్వడు. అదే నా కష్టం. ‘పర్లేదు మేనేజర్ గారూ’ అని సరిచేసి పోతాడు. రోజుకి పదిసార్లు పర్లేదంటాడు. ఇంకొక్క పర్లేదు నా వల్ల కాలేదు. అలాగే నల్లతెర ముందు కూర్చున్నా. నిద్రపోయా.”

గుమ్మంలో యజమానురాలు చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నాతో ఒక్క మాట అంటే ఏం పోయేది?”

“నువ్వు కూడా పర్లేదనేదానివి వదినా.”

యజమానురాలు వచ్చి మరిది కుర్చీ పక్కన నిలబడింది.

“సరే, మీరు తెర చూడలేదు. మరి టార్పాలిన్ ఎక్కడి నుంచి వచ్చింది?” డిటెక్టివ్ గొంతు మారలేదు. “నీలం అన్నారు కదా. ఊహించి చెప్పారా?”

“ఊహ కాదండీ. పంచదార గారు అడిగారు.”

“ఏమని?”

“పెట్టె లేదని వదిన కేకేసి, పోలీసులకి ఫోన్ చెయ్యడానికి ముందుకి పోయింది. ఆయన అప్పుడే వచ్చాడు. నా పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి, ‘కంగారుపడకండి, మీరు తెర ముందే ఉన్నారుగా, చూసే ఉంటారు. మెకానికే కదా? పెట్టె మీద నీలం టార్పాలిన్ కప్పి వెనక నుంచి పోయాడు కదా?’ అన్నాడు. తెర నల్లగా ఉందని చెప్పలేక ఆఁ అన్నా. అన్నీ ఆయనే చెప్పేశాక ఆఁ అనడం తేలికండీ. పోలీసులు అడిగితే అదే చెప్పా. ఒకసారి అన్నాక మళ్లీ కాదనడం... అది తేలిక కాదు.”

ఇన్‌స్పెక్టర్ గుమ్మం వదిలి లోపలికి వచ్చాడు. “అప్పటికి నేను రాలేదు. వాచ్‌మన్‌ని ఎవరూ అడగలేదు. పంచదారకి టార్పాలిన్ ఎలా తెలుసు?”

“కప్పినవాడికి తెలుస్తుంది” అంది డిటెక్టివ్. అప్పటికే యజమానురాలి వైపు తిరిగింది. “అమ్మా, ముసలి కార్డంటే ఏంటి?”

“పాత కార్డు. ఎప్పుడో వాడి పారేసిన రకం. పైన కొత్త స్టిక్కర్ అంటించి, లోపల దాని పేరు రాసుండే చోట కొత్త పేరు ఎక్కిస్తారు. కంప్యూటర్ అడిగితే నేను కొత్తదాన్ని అని చెబుతుంది. కంప్యూటర్ నమ్ముతుంది. పని మొదలెట్టాక వేడెక్కి చతికిలబడుతుంది. అసలు కార్డులు దొరకని రోజులు కదా, దొరికిందే చాలని అందరూ...” ఆగింది. “మా ఒక్క షాపుకే కాదు. ఈ చుట్టుపక్కల చవక కంప్యూటర్లు అమ్మే ప్రతి షాపుకీ పంచదారే తెచ్చిస్తాడు. మెకానిక్ ముసలి కార్డన్నప్పుడు నేను ఫోన్‌లో మాట్లాడుతున్నదీ ఆయనతోనే.”

“మెకానిక్ రాత్రంతా గోల పెట్టాడు” అన్నాడు ఇన్‌స్పెక్టర్. “సార్, ముసలి కార్డు, ముసలి కార్డు అని. నేను పేకాట గొడవేదో అనుకుని తలుపేసుకున్నా.”

“మెకానిక్ పసిగట్టాడు, అందుకని పంచదార, ఈయన నిద్రపోవడం చూసి, పెట్టె మాయం చేశాడు. దొంగ చెప్పే మాట ఎవరూ నమ్మరని మెకానిక్‌ని దొంగని చేశాడు. కానీ పెట్టెలో ఒకటి తగ్గింది, ఇక అతని మీద సాక్ష్యం అదొక్కటే.” డిటెక్టివ్ లేచింది. “మెకానిక్ బిగించి చూసిన కార్డు ఏమైంది?”

“వాడి దగ్గరే ఉంది. ఎక్కడ పెట్టాడో నాక్కూడా చెప్పలేదు.”

“ఒకటి తీసి చూశాడని పంచదార వినేలా మీరు నాకు చెప్పారు. నేను విన్నాను. ఆయనా విన్నాడు.”

ఆమె మెకానిక్ అక్కకి ఫోన్ చేసింది. నాలుగుసార్లు మోగాక ఎత్తింది.

“అమ్మా, నేనే. నేనడిగిన దానికి ఊఁ, ఊహూఁ అని మాత్రం అను. తమ్ముడు పక్కన ఉన్నాడా?”

“ఉన్నాడండీ! ఒక్క రాత్రికే సగమయ్యాడు. మీతో మాట్లాడతానంటున్నాడు...”

“వద్దు. కారు ఎవరు నడుపుతున్నారు?”

“అన్నగారేనండీ. కన్నతల్లి కూడా ఇంత చెయ్యదు. సంతకం ఆయనే పెట్టారు. తమ్ముడి దగ్గర ఏదో కార్డు ఉందంట కదా, అది పోలీసులకి ఇచ్చేస్తే అసలు కేసే ఉండదంటున్నారు. అది తీసుకుని స్టేషన్‌లో ఇచ్చేసి, అటునుంచి ఇంటికి...”

“ఎక్కడుందో తమ్ముడు చెప్పాడా?”

“ఇప్పుడే చెప్పాడండీ.”

డిటెక్టివ్ కళ్లు మూసి తెరిచింది. ఇన్‌స్పెక్టర్ ఆమె ముఖం చూసి, ఏమీ అడగకుండా బయటకి పరుగెత్తాడు. జీపు మోత వినబడింది.

“విను. వాంతి వచ్చేలా ఉందని చెప్పి కారు ఆపించు. మనుషులున్న చోట ఆపించు. ఇద్దరూ దిగండి. ఎందుకని అడక్కు.”

“అదేంటండీ, నాకు బాగానే...”

పక్క నుంచి తీపి గొంతు వినిపించింది. “ఎవరమ్మా? అత్తగారేనా? మేం చూసుకుంటున్నామని చెప్పు, పాపం ఆవిడకెందుకు శ్రమ.”

కాసేపు కారు చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత అక్క గొంతు, ఈసారి ఫోన్‌లోకి కాదు, పక్కకి.

“అన్నగారూ, ఇటెందుకు తిప్పారు? మా ఇంటికీ స్టేషన్‌కీ దారి ఇది కాదు కదా?”

ఫోన్ కట్టయింది. డిటెక్టివ్ మళ్లీ చేసింది. మోగలేదు.

ఆమె గుమ్మం దాటేసరికి ఇన్‌స్పెక్టర్ జీపు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎక్కింది. ఎటు పోనివ్వాలో అతను అడగలేదు, ఆమెకీ తెలియదు. పొద్దున్నుంచీ కుర్రాణ్ణి వదలమని పోరింది ఆమె. వదిలెయ్యమని ఫోన్ చేసింది అతను. జీపు మలుపు తిరిగేదాకా ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.